ఒకే రోటి గోరింటాకు

"మన మండలంలో ఇవాళ రెండే కేసులు!" గోపాలరాజు గారు పేపరు మడిచి బల్ల మీద చరిచి, ఎన్నికల్లో తానే గెలిచినంత సంబరంగా ప్రకటించారు.

వంటింట్లో కాఫీ కలుపుతున్న కొత్త కోడలు శ్రీసత్య తల బయటికి పెట్టింది. "టెస్టులు ఎంతమందికి చేశారో రాశారా మావయ్యగారూ?"

"అదిగో, మొదలెట్టావా అమ్మా! రెండంటే రెండే. ప్రభుత్వం వారు అబద్ధం రాస్తారా?"

"అబద్ధం కాదండి. మీరు చెరువులో ట్రే పైకెత్తి చూడకుండానే రొయ్యలు మేత తినేశాయని చెప్తారా? చూడందే ఎలా తెలుస్తుందండి?"

గోపాలరాజు గారు కాఫీ గ్లాసు అందుకుని, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నారు. రొయ్యల చెరువుల మీద పాతికేళ్ళు బతికిన మనిషిని ఆ రొయ్యలతోనే కొట్టింది కోడలు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. భీమవరం పక్కన ఆ పల్లెలో, ఆ ఇంట్లో మాత్రం కాఫీ కంటే ముందు వాదన పొంగేది. శ్రీసత్య స్టాటిస్టిక్స్ చదివింది. ఆస్పత్రుల లెక్కలు చూసే కంపెనీలో ఉద్యోగం, ఇప్పుడు ఇంటి నుంచే. జూన్‌లో మాస్కులు కట్టుకుని తలంబ్రాలు పోసుకున్నారు. నెల తిరక్కుండా ఆషాఢం వచ్చిపడింది. లెక్క ప్రకారం కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి. కానీ పెనుగొండలో కేసులొచ్చాయని వాళ్ళ వీధికి అడ్డంగా వెదురు బొంగులు కట్టేశారు.

ఆషాఢంలో అత్తా, కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదు. అత్తగారు రత్నమాణిక్యం ఒక్క పూటలో పరిష్కారం కనిపెట్టారు. వీధి గుమ్మం కోడలికి, పెరటి గుమ్మం తనకి. ఎదురింటికి వెళ్ళాలన్నా ఆవిడ ఇల్లంతా చుట్టి వెళ్ళేవారు. ఆవిడ దగ్గర ప్రతి కట్టుబాటుకీ ఓ పెరటి దారి ఉంటుంది.

గోరింటాకు మాత్రం మానలేదు. పెరట్లో ఆకు దూసి, చింతపండు వేసి రోట్లో తానే రుబ్బి, కోడలి పది వేళ్ళకీ టోపీలు పెట్టి, పాదాలకీ అద్ది, మిగిలింది తనూ అలాగే పెట్టుకున్నారు. ఇద్దరికీ ఎర్రగా పండింది. "నా కొడుకు అదృష్టవంతుడు" అని కోడలి చెయ్యి అందరికీ చూపించి మురిశారు.

ఆ తర్వాతే ఆవిడకి ఒళ్ళు వెచ్చబడింది. "ఆకు చలవ చేసిందే, అంతే" అన్నారావిడ. గోపాలరాజు గారూ అదే అన్నారు. ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా పాపం గోరింటాకు మీదకే పోయింది నింద.

ఆ పొద్దున కొరియర్ కుర్రాడు గేటుకి ఓ పెట్టె తగిలించి పోయాడు. వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే మిషను, శ్రీసత్య తెప్పించింది. చెరువుల దగ్గర కరెంటు పోయిందని ఆమె భర్త శ్రీనివాసరాజు చీకటితోనే వెళ్ళిపోయాడు కాబట్టి, దాన్ని విప్పే గౌరవం గోపాలరాజు గారికి దక్కింది.

"చెరువుకున్న మీటరు లాంటిదే కదమ్మా ఇది!" అని చిన్నపిల్లాడిలా వేలు పెట్టేశారు. తొంభై ఏడు. "చూశావా, ఇంకా పాతికేళ్ళ రొయ్యల పట్టుబడులు నావే! రత్నం, నువ్వూ రా."

రత్నమాణిక్యం పెరటి వైపు నుంచి వచ్చి, గోడ పట్టుకుని ఓ క్షణం ఆగి, కుర్చీలో కూర్చున్నారు. ఎర్రటి వేలు మిషనులో పెట్టారు.

ఎనభై ఆరు.

తొంభై అయిదుకి తగ్గకూడదని శ్రీసత్యకి తెలుసు. గోపాలరాజు గారు పగలబడి నవ్వారు. "గోరింటాకు! గోళ్ళకి రంగుంటే మిషను తప్పు చూపిస్తుందని మొన్న పేపర్లో రాశారు. ఈ పేపరు మాటైనా నమ్ముతావా లేదా!"

ఆ మాట నిజమే. శ్రీసత్యా చదివింది. అత్తగారి పది వేళ్ళలో రంగు లేని వేలు ఒక్కటీ లేదు. ఆమెకీ ప్రాణం కాస్త కుదుటపడబోయింది.

"కంగారు పడకే," అన్నారు రత్నమాణిక్యం. "నాకేం... బాగానే... ఉన్నాను."

నిన్నమొన్నటి దాకా ఊపిరి తీసుకోకుండా ఊరందరి కబుర్లూ చెప్పిన మనిషి, ఆ చిన్న మాటని మూడు ముక్కలు చేశారు. శ్రీసత్య గబుక్కున మిషను లాక్కుని తన వేలికి పెట్టుకుంది.

తొంభై ఎనిమిది.

మళ్ళీ అత్తగారికి. ఎనభై ఆరు. ఇంకో వేలు. ఎనభై అయిదు. మళ్ళీ తనకి. తొంభై ఎనిమిది.

"మావయ్యగారూ, ఒకే రోటి గోరింటాకండి. నాకే ఎక్కువ పండింది. రంగుదే తప్పయితే నాకూ తగ్గాలి కదండీ?"

గోపాలరాజు గారి నవ్వు ఆగిపోయింది. "నువ్వు చిన్నదానివమ్మా, అందుకని..."

"మీరు అత్తయ్యగారి కంటే పెద్దవారు. మీకెంత వచ్చిందండి?"

ఆయన లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది. "అయితే ఏమంటావ్? ఆస్పత్రికి పంపించమంటావా? రోజూ పేపరు చదివేది నేను! పోయినవాళ్ళంతా ఆస్పత్రుల్లోనే పోయారు. ఇంట్లో పోయినట్టు ఒక్కళ్ళ పేరు చూపించు!"

"ఇంట్లో పోయినవాళ్ళు ఆ లెక్కలోకి ఎక్కరండి! టెస్టే చెయ్యనివాళ్ళని ఎవరు రాస్తారు? ఊపిరాడనంత దాకా ఆగి వెళ్ళినవాళ్ళు పోతున్నారు. ముందుగా వెళ్ళినవాళ్ళు ఇంటికొస్తున్నారు, వాళ్ళ సంగతి పేపరు పెద్దక్షరాల్లో వెయ్యదు."

"లెక్కలు, లెక్కలు! నాకు లెక్కలొద్దమ్మా! లోపలికి పంపితే మళ్ళీ మొహం కూడా చూపించరట. నాకు రత్నం కావాలి!"

శ్రీసత్యకి అప్పుడు తెలిసింది. రోజూ పొద్దున్నే 'రెండే కేసులు' అని ఆయన బల్ల గుద్దింది వాదన కోసం కాదు, భయంతో. ఆమె ఆయన చేయి పట్టుకుంది.

"నాక్కూడా అత్తయ్యగారు కావాలండి. చెరువులో ఆక్సిజన్ పడిపోతే మీరేం చేస్తారు?"

"ఏరేటర్లు వేసి నీళ్ళకి గాలి పట్టిస్తాను."

"ఎప్పుడండి?"

"మీటరు చూసిన నిమిషంలో." ఆయన గోడకున్న కారు తాళాలు అందుకున్నారు. "తాళాలు తీసుకో అమ్మా. నువ్వే నడుపు, నేను రత్నాన్ని పట్టుకుని కూర్చుంటాను."

కారు వీధి గుమ్మం ముందుంది. రత్నమాణిక్యం లేచి, అలవాటు కొద్దీ పెరటి వైపు తిరిగారు. నాలుగడుగులకే గోడకి ఆనుకుపోయారు.

"ఇటు రండి అత్తయ్యా."

"వద్దే... ఆషాఢం. ఒకే గడప... నా కొడుక్కి మంచిది కాదు."

"ఇల్లు చుట్టి వచ్చే ఊపిరి మీకు లేదండి!" శ్రీసత్య కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "తప్పయితే ఆ తప్పు నాది. అమ్మ లేకపోతే మీ అబ్బాయికి ఏం మంచి జరుగుతుంది చెప్పండి?"

రత్నమాణిక్యం ఆ పిల్ల మొహంలోకి చూశారు. ఏమనుకున్నారో, బరువంతా కోడలి భుజం మీద వేశారు. పసుపు గడప మీద రెండు జతల ఎర్రటి కాళ్ళు ఒకేసారి పడ్డాయి. కారు భీమవరం వైపు దూసుకుపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు గారు ఆక్సిజన్ పెట్టిస్తూ, "కూలబడకముందే తెచ్చారు. సగం వైద్యం అదే" అన్నారు. ఇంట్లో మిగతా ముగ్గురికీ టెస్టు చేస్తే ముగ్గురికీ పాజిటివే. దేవుడి దయవల్ల జ్వరం, నీరసంతో పోయింది. మర్నాడు పేపర్లో మండలానికి ఆరు కేసులు. "ఇందులో నలుగురం మనమే!" అని గోపాలరాజు గారు మంచం మీంచే కేకేసి, దగ్గుతూనే ఊళ్ళో వాళ్ళందరికీ ఫోన్లు మొదలెట్టారు. "మీ ఇంట్లో దగ్గు వినిపిస్తోంది. చలవా లేదు, చట్నీ లేదు, వెళ్ళి టెస్టు చేయించుకోండి!" సగం మంది తిట్టారు. మిగతా సగం మంది వెళ్ళారు.

ఆషాఢం ఇంకా వెళ్ళకుండానే రత్నమాణిక్యం ఇంటికొచ్చారు. మనిషి సగమయ్యారు. గోపాలరాజు గారు గేటు దగ్గర ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, కళ్ళు తుడుచుకుని, "రత్నం, మెల్లగా పెరటి వైపు నడుద్దామా? ఇంకా నెల పోలేదు కదా" అన్నారు.

కోడలు అప్పటికే గడపకి ఓ పక్కగా ఒదిగి నిలబడింది. రత్నమాణిక్యం ఆమె చెయ్యి తీసుకుని తన చేతి పక్కన పెట్టి చూశారు. ఇద్దరి గోళ్ళ మొదట్లోనూ ఎరుపు కాస్త పైకి జరిగి, కొత్త గోరు తెల్లగా తొంగి చూస్తోంది.

"ఏమండీ," అన్నారావిడ, ఈసారి మాట ఎక్కడా తెగకుండా, "ఆరోజు ఈ పిల్ల నన్ను ఈ గడప దాటించబట్టే నేను మళ్ళీ ఇక్కడ నిలబడ్డాను. ఇంకా పెరటి దారి దేనికండీ?"

శ్రీసత్య ఏడుస్తూ నవ్వేసింది. రత్నమాణిక్యం కోడలి వేళ్ళలో వేళ్ళు దూర్చి, కుడికాలు ముందు పెట్టారు.

"రావే, కలిసే వెళ్దాం. ఆకు కూడా కొయ్యాలి. మనిద్దరి రంగూ పోతోంది."