కేవట్‌పార రేవులో చేపల సంచి

శివనాథ్ నది ఒడ్డున కేవట్‌పార రేవుంది చూశారూ... చీకటి పడ్డాక అటు కుక్క కూడా పోదు.

మన టౌన్‌షిప్ సెక్టర్ 2లో దెయ్యాలెక్కడివమ్మా? అటు ఉక్కు ప్లాంటు, ఇటు రైలు పట్టాలు — ఊరంతా ఇనుమే! ఇనుమంటే వాటికి హడల్. అందుకే అన్నీ పోయి ఆ రేవులో కాపరం పెట్టాయట. రాజుల కాలంలో మునిగిపోయిన పడవవాడు, మరాఠాల గుర్రపు రౌతు, వంతెన కట్టించడానికొచ్చి జ్వరంతో పోయిన ఇంగ్లీషు దొర... ఆ ఊరి చరిత్రంతా అక్కడే తచ్చాడుతోందన్నమాట!

తొంభై మూడులోనో, నాలుగులోనో — మా మరిది నరసింగరావు అటే వెళ్లాల్సొచ్చింది. వాడి పెళ్లాం ఇందుమతికి మూడో నెల. వేవిళ్లు! మంచినీళ్లు కూడా ఇమడ్డం లేదు. పిల్ల పుల్లలా అయిపోతోందని మాకు ఒకటే బెంగ. చివరికి, "నది చేపల పులుసైతే తింటాను," అంది. ఆ మాటే పదివేలు!

డ్యూటీ దిగి సైకిలేసుకుపోయాడు. చేపలు దొరికేసరికి చీకటి పడిపోయింది. నీచు వాసనకి దెయ్యాలు వెంటపడతాయి కదా... ముందే జేబులో మిల్లు ఇనుప బోల్టు పెట్టుకున్నాడు.

తిరిగొస్తుంటే సరిగ్గా రేవు దగ్గర సైకిలు ఆగిపోయింది.

"మఛరీ దే..." చేపలిమ్మంటూ తడి గొంతు.

బోల్టు తీసి చూపించాడు. బుడుంగ్! పడవవాడు నీళ్లలోకి.

గుర్రం డెక్కల చప్పుడు... బోల్టు చూపించాడు. గుర్రం పరుగో పరుగు!

"ఫిష్... ప్లీజ్..." గుప్పున చుట్ట వాసన. మళ్లీ బోల్టు. దొర దగ్గుకుంటూ మాయం. మావాడు ఈల కూడా వేశాడట, వెధవ!

అప్పుడు — వెనక క్యారియర్ మీద ఎవరో కూర్చున్నారు.

బోల్టు వెనక్కి చూపించాడు.

"ఏటి తమ్ముడూ, ఇనుం నాకే సూపిస్తన్నావా? పాతికేళ్లు ఫర్నేసు కాడ పన్జేసినోణ్ణి!"

చల్లటి చెయ్యి బోల్టు లాగేసుకుంది. తర్వాత సంచి కూడా.

మావాడు ఏడ్చేశాడు. "అన్నా... నా ఇల్లాలు కడుపుతో ఉంది. ఏం తిన్నా ఇమడదు. ఈ చేపలైనా తింటాదని..."

తర్వాత సంచి మళ్లీ చేతికొచ్చింది. "బేగి పో..."

ఎలా తొక్కాడో వాడికే తెలీదు. ఇంటికొచ్చి, జరిగిందంతా చెప్పి, సంచి నాకిచ్చాడు. కత్తిపీట ముందేసుకుని విప్పాను కదా — చేపలన్నీ పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసి ఉన్నాయి!

"నువ్వు కోయించావేట్రా?"

"లేదొదినా, నేను సంచి విప్పనేలేదు!"

బాబోయ్, పారేద్దామన్నాన్నేను. ఇందుమతి ఒప్పుకుంటేగా! తనే పులుసు పెట్టుకుని గిన్నె ఊడ్చేసింది. ఒక్క ముద్ద బయటికి రాలేదు. మూతి తుడుచుకుని మొగుడి వంక చూసింది —

"ముక్కలు మరీ చిన్నవైపోయాయండీ. ఆదివారం వెళ్లినప్పుడు, ఆ అన్నయ్యగార్ని కాస్త పెద్దవి కొయ్యమనండి."