మబ్బుల కొండ దగ్గర గోడ

ఆ రోజు ఉదయం ఆమె చెయ్యాల్సిన పనులు ఇవి. పాలు కాచాలి. భర్త రెండు కళ్ళలోనూ చుక్కల మందు వెయ్యాలి, ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య కాసేపు ఆగాలి. స్నానాలగదిలో బకెట్టు ఆయన కాలికి తగలకుండా గోడవారకి జరపాలి. కుట్టడం అయిపోయిన స్కూలు యూనిఫాంలకు గుండీలు వేసి, ఇస్త్రీ చేసి, మూట కట్టాలి. గ్యాసు బండకి ఫోను చెయ్యాలి. కూతురు వస్తానంది కాబట్టి బియ్యం కాస్త ఎక్కువ పొయ్యాలి. ఏడవడం ఆ పనుల్లో లేదు. ఏడుపు రావడం కూడా లేదు.

కంటి డాక్టరు చెప్పి నెల కావస్తోంది. ఆయనకి నీటికాసులు, అదే గ్లకోమా. పక్కచూపు అప్పటికే పోయింది. "ఎదురుగా ఉన్నది ఇంకొన్నాళ్ళు కనిపిస్తుంది. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే చూసెయ్యండి" అన్నాడు డాక్టరు. డాక్టరు మామూలుగా చెప్పాడు, ఆమె మామూలుగానే వింది. బయటికొచ్చి మందులు కొంది. బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం వండింది. ఒంట్లో ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టాలి కదా అని ఎదురుచూసింది. పుట్టలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎలా మొద్దుబారిపోతుందో, మనిషి మొత్తం అలా ఉంది.

ఆయన టూరు బస్సు డ్రైవరు. మొన్నటిదాకా. హారన్ కొట్టడు, ఓవర్‌టేక్ చెయ్యడు, వెనక జనం ఎంత తొందరపెట్టినా వేగం పెంచడు కాబట్టి డిపోలో అందరూ ఆయన్ని 'నిదానం' అని పిలిచేవారు. పేరు పెట్టింది వెటకారానికే అయినా, చివరికి పెద్దపెద్ద కుటుంబాలు ఫోను చేసి "నిదానం గారి బస్సే కావాలి" అని అడిగే స్థితికి వచ్చింది.

"పైకి చూడండి" అంది ఆమె, మందు సీసా పట్టుకుని.

"పైకే చూస్తున్నా."

"పైకంటే నా మొహం కాదు. సీలింగు."

"సీలింగు కంటే నీ మొహమే నయం కదే. దానికి పెచ్చులూడుతున్నాయి."

ఇంకో రోజైతే ఈ వయసులో వేషాలా అని కసిరేది. ఇప్పుడు చుక్క వేసి, సీసాకి మూత బిగించింది.

కూతురు వచ్చేసరికి ఎండ వరండాలోకి పాకింది. మందుల షాపులో పని చేస్తుంది. ఆ రోజు సెలవు పెట్టింది. వచ్చీ రాగానే చెప్పులు చెరోవైపు వదిలేసింది.

"గుమ్మానికి అడ్డంగా వదలకే, నాన్నకి కనపడవు" అంది తల్లి.

"అబ్బ, తీస్తున్నాను తల్లీ. ముందు నేను చెప్పేది విను. శనివారం మనం ముగ్గురం మబ్బుల కొండకి వెళ్తున్నాం. సీట్లు తీసుకున్నా. నాన్న వాళ్ళ కంపెనీ బస్సే. ముందు వరసే ఇచ్చారు, నిదానం గారి కూతురినని చెప్తే."

ఆయన చేతిలో టీ గ్లాసు ఆగింది.

మబ్బుల కొండ ఆ ఇంట్లో మనిషిలాంటిది. కూతురు అన్నం తినకపోతే ఆ కొండ కబుర్లు చెప్పే తినిపించేవాడు ఆయన. మబ్బులు కాళ్ళ కిందనుంచి పోతుంటాయనీ, గట్టిగా అరిస్తే మన గొంతుని కూడా మబ్బు మింగేస్తుందనీ. వాటితోపాటు ఆ కొండ ఎక్కిన మనుషుల కబుర్లు కూడా ఉండేవి. ఒక పెద్దాయన గోడ క్యాలెండర్లో బొమ్మ చూసి చూసి, అది నిజమో కాదో తేల్చుకోవాలని వచ్చాడు. ఒక పంతులమ్మ, ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెప్పిన చోటు ఒక్కసారైనా చూడకపోతే అబద్ధం చెప్పినట్టుంటుందని వచ్చింది. ఒకడు తోటికోడళ్ళ పోటీలో భార్య నెగ్గడానికి వచ్చాడు. "జనం ఊరికే ఏ ఊరూ వెళ్ళరమ్మడూ. లోపల ఏదో ఒకటి పెట్టుకునే టిక్కెట్టు కొంటారు" అనేవాడు.

అమ్మకి కూడా ఆ కొండ చూడాలని ఉందని కూతురికి చిన్నప్పట్నించీ తెలుసు. ఏడాదికోసారైనా, ఉన్నట్టుండి, "మబ్బుల కొండ గురించి చెప్పండి" అని అడిగేది అమ్మ. ఆయన చెప్పేవాడు. అమ్మ కుట్టుమిషను ఆపి వినేది.

"నేను రాను" అన్నాడు ఆయన. "మీరిద్దరూ వెళ్ళి రండి. నేను చూసిందే కదా."

"నువ్వు చూశావు నాన్నా. అమ్మ? అమ్మ వెళ్ళిన దూరదేశం ఏదైనా ఉందంటే అది టోకు బట్టల కొట్టు!"

"అందుకే కదమ్మా, తీసుకెళ్ళమంటున్నా."

"నువ్వు లేకుండా ఎందుకు? డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా? తర్వాత చూద్దామంటే ఏం చూస్తావు?"

"నా కళ్ళ సంగతి నాకు వదిలెయ్."

"వదిలేస్తే చుక్కలు నువ్వే వేసుకుంటావా? సగం బుగ్గకీ సగం చొక్కాకీ!"

"రానన్నానా!"

ఆయన గొంతు పెంచడం ఆ ఇంటికి కొత్త. పెంచాక ఏం చెయ్యాలో తెలియనట్టు లేచాడు. లేచినవాడు పక్కనున్న కుట్టుమిషను చూసుకోలేదు. తుంటి తగిలి గుండీల డబ్బా కింద పడింది. తెల్లగుండీలు గదంతా దొర్లిపోయాయి.

ఆమె కింద కూర్చుని ఒక్కో గుండీ ఏరడం మొదలుపెట్టింది. అలా ఏరుతూనే, తల ఎత్తకుండా అడిగింది.

"అందరి కారణాలూ చెప్పేవారు. నా కారణం ఎప్పుడూ అడగలేదేం?"

"నీదేముంది. మబ్బులు చూడాలని ఎవరికుండదు?"

"మబ్బుల కోసం కాదు. నేను ఆసుపత్రి మంచం మీద పడున్నప్పుడు మీరు దేన్ని చూస్తూ నిలబడ్డారో, అది చూడాలి."

కూతురు వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏ ఆసుపత్రి? ఏంటమ్మా?"

"నీకంటే ముందు ఒకడు పుట్టాడు" అంది తల్లి. యూనిఫాం కొలతలు చదివినట్టు చెప్పింది. "ఏడవకుండానే పుట్టాడు. నీకు చెప్పలేదు. మీ నాన్న ఆ రోజు ఆ కొండ దగ్గరున్నారు. మర్నాడు పొద్దున వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకోలేదు. వాడి మాట ఎత్తలేదు. మబ్బులు కాళ్ళ కిందనుంచి పోతాయే, అన్నారు. అరిస్తే గొంతుని కూడా మింగేస్తాయే, అన్నారు." ఇంకో గుండీ తీసి డబ్బాలో వేసింది. "కన్నబిడ్డ పోయిన రోజున కూడా మనిషి కళ్ళలోంచి పోని మబ్బులు ఎలాంటివో చూడాలనుకున్నా. ఏడాదికోసారి మిమ్మల్ని అడిగింది అందుకే. ఈసారైనా ఆ కబుర్ల మధ్యలో ఎక్కడో వాడి మాట వస్తుందేమో అని. రాలేదు."

ఆయన గోడ తడుముకుంటూ వచ్చి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "నేను చూళ్ళేదే" అన్నాడు.

"ఏం చూళ్ళేదు?"

"ఆ కొండ. ఆ రోజనే కాదు. ఎప్పుడూ."

"అదేంటి నాన్నా" అంది కూతురు. "లెక్కలేనన్ని సార్లు వెళ్ళావు కదా!"

"కొండ కిందకి వెళ్ళానమ్మా. జనం దిగి పైకి వెళ్తారు. వాళ్ళు వచ్చేదాకా మేం పడుకోవాలి. తిరుగుదారిలో అన్నీ మలుపులే, చీకటి పడిపోతుంది. అప్పుడు రెప్ప వాలిందంటే బస్సు నిండా ప్రాణాలు. అందుకని వాళ్ళు చూస్తుంటే మేం నిద్రపోవాలి. సముద్రమైనా అంతే, జలపాతమైనా అంతే. నేను చూసినవన్నీ పార్కింగులే."

"మరి నాకు చెప్పిన కబుర్లు?"

"వచ్చేటప్పుడు వెనక సీట్లలో చెప్పుకుంటారుగా. అవే విని తెచ్చేవాణ్ణి. ఇంటికి ఖాళీ చేతుల్తో ఎలా రాను?"

ఆమె చేతిలో గుండీ అలాగే ఉంది. "ఆ రోజు?" అంది.

"ఆ రోజు నిద్ర కూడా పోలేదు. అక్కడి టీ కొట్టుకి ఫోను వచ్చింది. నువ్వు బానే ఉన్నావు, బిడ్డ దక్కలేదు అన్నారు. జనం అంతా పైన ఉన్నారు. వాళ్ళని కొండమీద వదిలేసి ఎలా రాను? వెళ్ళి నా సీట్లో కూర్చున్నా. అక్కడ బస్సు ఆపితే అద్దానికి ఎదురుగా గోడ ఉంటుంది, మట్టి జారిపోకుండా కట్టిన రాళ్ళ గోడ. వాళ్ళు వచ్చేదాకా దాన్నే చూశా. తర్వాత బండి నడిపా. ఎవరికీ చెప్పలేదు, చెప్తే దారంతా భయపడతారని. మలుపు మలుపుకీ వెనక మబ్బులు, మబ్బులు అని ఒకటే గోల. ఆసుపత్రికొచ్చి నీ మొహం చూసి, ఏదో ఒకటి మాట్లాడాలని నోరు తెరిచా. అదే వచ్చింది. లోపల ఇంకేం లేదే."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగి మరీ చెప్పించుకునేదానివిగా. మిషను ఆపి వినేదానివి. నీకు ఆ కబుర్లంటే ఇష్టమనుకున్నా." చేతికి తగిలిన ఒక గుండీ ఆమె వైపు జరిపాడు. "అక్కడికి వెళ్తే నేను చెప్పినవేవీ ఉండవేమోనని భయం. నీకున్న ఒక్క సరదా కూడా పోతుందని."

ఆమె ఏడవలేదు. కోపం కూడా రాలేదు. మిగిలిన గుండీలు ఏరి, డబ్బా మూత పెట్టి, "శనివారం వెళ్దాం" అంది. లేచి బియ్యం కడగడానికి వెళ్ళింది.

శనివారం బస్సు నడిపింది ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న డ్రైవరే. ఇప్పుడు అతని తల కూడా నెరిసింది. "గురువుగారూ, మీరు వెనక కూర్చుంటే నాకు చేతులు వణుకుతున్నాయండీ" అన్నాడు. ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. "నాన్నా, బస్సు ఫ్లోరుకి చిల్లు పడుతుంది" అంది కూతురు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చెట్లు వెళ్ళాయి, లోయ వెళ్ళింది. ఏదీ మనసుని తాకలేదు.

బస్సు ఆగింది. జనం సంచులూ స్వెట్టర్లూ వెతుక్కుంటూ, పిల్లల్ని కేకలేస్తూ దిగిపోయారు. డ్రైవరు కూడా టీకి దిగాడు. ఆమె పక్కకి తిరిగి చూసింది. ఆయన సీటు వెనక్కి వాల్చుకుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసేసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా.

"నాన్నా! ఇవాళ నువ్వు నడపక్కర్లేదు, లే!"

"నువ్వు ముందు వెళ్ళమ్మా" అంది తల్లి. "మేం తర్వాత వస్తాం."

కూతురు దిగింది. బస్సులో ఇద్దరే మిగిలారు. అద్దానికి ఎదురుగా గోడ ఉంది. నల్లటి రాళ్ళు, మధ్యమధ్య నాచు. నీళ్ళు పోవడానికి పెట్టిన ఒక గొట్టం. దాని కింద తడి చార. రాళ్ళ సందులో పేరు తెలియని చిన్న మొక్క. అంతే. దీనికోసం ఎవరూ టిక్కెట్టు కొనరు.

"ఏ రాయి చూశారు?" అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. "గొట్టం కింద. పగులు ఉంటుంది చూడు, దానికి." వేలు చూపించాడు. వేలు సరిగ్గా రాయి మీదకే వెళ్ళింది. అది ఎదురుగానే ఉంది కాబట్టి ఆయనకి కనిపిస్తోంది.

ఆమె ఆ పగులు వంక చాలాసేపు చూసింది. పక్కన ఈయన, వెనక ఖాళీ సీట్లు. ఇక్కడే, ఇలాగే. తను ఆసుపత్రిలో తెల్లగోడ వంక చూస్తున్నప్పుడు ఈయన ఇక్కడ నల్లగోడ వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన కాళ్ళ కింద మబ్బులు ఊహించుకుంది.

"ఎలా ఉండేవాడు?" అని అడిగాడు ఆయన. చాలా మెల్లగా. "నేను వచ్చేసరికే వాళ్ళు తీసుకెళ్ళిపోయారు. నిన్ను అడగడానికి నోరు రాలేదు."

సూది మందు మత్తు దిగేటప్పుడు చెంప ముందు చిమచిమలాడుతుంది. తర్వాతే నొప్పి. ఆమెకి చేతివేళ్ళ దగ్గర మొదలైంది.

"మీ ముక్కే" అంది. "జుట్టు కూడా బాగా ఉండింది. చెవుల మీదకి వచ్చేసింది."

ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆమె ఆ చేతుల మీద తన చేతులు పెట్టింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఇద్దరికీ ఒకేసారి, చప్పుడు లేకుండా. అద్దం మీద ఆవిరి పట్టి గోడ మసకబారింది.

కాసేపటికి కూతురు తడిసి ముద్దై మెట్లెక్కి వచ్చింది. "ఏమీ లేదమ్మా పైన! అంతా పొగే. నా చెయ్యి నాకే కనపడలేదు. ఇంతదూరం వచ్చి..." అని, వాళ్ళ మొహాలు చూసి ఆగిపోయింది. వచ్చి వెనక సీట్లో కూర్చుని, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసింది.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన చొక్కా కాలరు సరిచేసింది. "లేవండి, వెళ్దాం."

"ఏమీ కనపడదంటోంది కదే."

"కనపడకపోతే మీరు చెప్పండి. మీకు అలవాటేగా."

ఆయన నవ్వాడు. ఆమె భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ, తను ఎన్నడూ ఎక్కని దారి ఎక్కడం మొదలుపెట్టాడు. నిదానంగా.

మీరు కూడా ఎప్పుడో ఒకసారి, మీ కారణం మీరు లోపల పెట్టుకుని, ఏదో ఒక కొండకో సముద్రానికో బయల్దేరతారు. బస్సు దిగి పరుగెత్తబోయే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ముందు అద్దం వెనక, గోడకు ఎదురుగా, మిమ్మల్ని భద్రంగా ఇంటికి చేర్చడం కోసం కళ్ళు మూసుకుని ఒక మనిషి ఉంటాడు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.