నోట్లో గుండీలు

పొద్దున్నే దుకాణం తలుపులు తీసి, మిషనుకు నూనె వేసి, దర్జీ ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాడు. పాతికేళ్లుగా అదే ప్రార్థన: "దేవుడా, ఇవాళ ఎవరి కొలతా తప్పనివ్వకు." ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. మధ్య గడప మీద పెద్ద కూతురు అప్పటికే కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. ఇరవై మూడేళ్ల పిల్ల. చేతిలో సూది ఉంటే ఆమె నోట్లోంచి మాట రావడం కష్టం.

చిన్న కూతురు మాత్రం మాటల పుట్ట. పదో తరగతి చదువుతోంది. వీధంతా ఆమెను లాయరమ్మ అంటారు. ఊరికే అనరు. బడికి పది రోజులు వరసగా రాని పిల్లలెవరైనా ఉంటే, ఆమె తన నేస్తాలతో కలిసి వాళ్లింటికి వెళుతుంది. తప్పిపోయిన పాఠాలు రాసి పట్టుకెళ్లి, పెద్దవాళ్లు సరే అనేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది. రెండేళ్లలో ముప్పై ఒక్కమంది మళ్లీ బడికి వచ్చారు. పిల్లల హక్కుల కోసం పాటుపడే పిల్లలకు ఏటా ఇచ్చే అంతర్జాతీయ బహుమతికి టీచర్లు ఆమె పేరు పంపితే, ఆఖరి ముగ్గురిలో నిలిచింది. అప్పటి నుంచి దర్జీ నడుం కొలత తీస్తూ ఆ సంగతే మొదలుపెడతాడు. వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి కథంతా వినాల్సిందే.

"నాన్నా, బహుమతి వాళ్లకు నా పని గురించి రాశాను, సంతకం పెట్టండి," అంటూ ఆ పొద్దున చిన్నది కాగితం చాపింది. " పదింటికల్లా పెద్ద టీచరు పంపించెయ్యాలట. లేకపోతే నా పేరు తీసేస్తారు."

"సంతకమేం భాగ్యం! ఇలా తే," అని కళ్లజోడు పెట్టుకున్నాడు దర్జీ. 'నా బిడ్డ రాసినది చదివి అంగీకరిస్తున్నాను' అని ఉంది కింద. చదవకుండా చదివానని ఎలా రాస్తాడు? దేవుడంటే భయమున్న మనిషి. కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు.

'నేను ఈ పని ఎందుకు మొదలుపెట్టానంటే మా అక్క వల్ల. పన్నెండేళ్లకే అక్క చదువు మానేసి పనిలోకి వెళ్లింది. ఎక్కడికో కాదు, మా ఇంట్లోనే. ఊళ్లో పిల్లలందరి బడి చొక్కాలకు గుండీలు కుట్టింది. తన బడి చొక్కా చిన్నది చేసి నాకు తొడిగారు. అక్క ఒక్కరోజు కూడా ఏడవలేదు.'

దర్జీ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"ఏమిటిది? నా కూతుర్ని నేను పనికి పెట్టానా?"

"నాన్నా, అదీ..."

"మీ అమ్మ నడుం పట్టేసి మంచాన పడింది. బడులు తెరిచే రోజులు, మూడు వందల చొక్కాలు. నాకున్నవి రెండు చేతులు. పిల్ల సాయం చేసింది. సాయం! పని అని కొట్టేసి సాయం అని రాయి, ఇప్పుడే సంతకం పెడతా."

"రాయలేను నాన్నా. నేనెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. 'పనేంటమ్మా, ఏదో సాయం చేస్తోంది' అంటారు. వాళ్లతో వాదించి, మనింటికొచ్చేసరికి మాట మింగమంటారా?"

"ఇంటి గుట్టు దేశదేశాలకూ చాటితే గానీ రాదా బహుమతి? ఇంటి పిల్లవై ఉండి నా పరువే తీస్తావా?"

వంటింట్లోంచి తల్లి పరుగున వచ్చింది. "గొంతు తగ్గించండి, వీధిలో వాళ్లు గోడలకు చెవులు ఆనిస్తారు. ఏమే, ఒక్క మాట మారిస్తే నీ కలం అరిగిపోతుందా? తండ్రి కంటే ఎక్కువయ్యాయా ఆ బహుమతి కప్పూ, కాగితమూ?"

"కప్పు కోసం కాదమ్మా! పేరు తీసేస్తే తీసెయ్యనీ. అబద్ధం మాత్రం రాయను."

"ఓహో, సత్యవంతురాలివా?" దర్జీ లేచి నిలబడ్డాడు. "దాని బతుకు గురించి ప్రపంచానికి చెప్పే ముందు దాన్ని ఒక్క మాట అడిగావా?"

లాయరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ వీధిలో ఎవరూ చూడని వింత అది. అప్పుడు ఇద్దరూ గడప వైపు తిరిగారు.

పెద్ద కూతురు దారం కొరికి, సూదిని చొక్కాకు గుచ్చింది.

"హమ్మయ్య, నేనిక్కడున్నానని గుర్తొచ్చిందా? అరగంట నుంచి నా గురించే కొట్టుకుంటున్నారు, నా మొహం ఎవరైనా చూశారా?"

చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"సాయమంటే అడిగితే చేసేది కదా నాన్నా. మీరు అడగలేదు. చొక్కాల మూట నా ముందు పెట్టారు, అంతే. మీకు వేరే దారి లేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నాకు కోపం లేదు. కానీ ఒకరోజు మా టీచరు వచ్చింది, గుర్తుందా?"

దర్జీ తల వంచుకున్నాడు.

"పిల్ల ఏదీ అంది. ఒంట్లో బాలేదు, పడుకుందని చెప్పారు. నేను ఆ తలుపు వెనకే ఉన్నా. నోట్లో నాలుగు గుండీలు. ఉమ్మేసి 'టీచర్' అని ఒక్క కేక వేస్తే చాలు. గుండీలు పోతే మళ్లీ వెతకాలి కదా అని ఊరుకున్నా. ఆమె వెళ్లిపోయింది."

తల్లి కొంగుతో నోరు నొక్కుకుంది. చిన్నది వచ్చి అక్క పక్కన కూలబడింది. "తప్పయిపోయింది అక్కా. ఊళ్లో పిల్లలందర్నీ అడిగా, నిన్నే అడగలేదు."

"ఇప్పుడడిగావుగా. పని అనే ఉండనీ, అది నిజమే. ఈ చివరి ముక్క కొట్టెయ్. నీకప్పుడు ఐదేళ్లు, నీకేం తెలుసు? రోజూ ఏడ్చేదాన్ని. చొక్కాలు తడిస్తే నాన్న తిడతారని మొహం అటు తిప్పుకుని ఏడ్చేదాన్ని."

చిన్నది ఏడుస్తూనే ఆ వాక్యం కొట్టేసింది.

దర్జీ మిషను మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. రోజూ దేవుడి ముందు కళ్లు మూసుకున్నవాడే. మూసిన కళ్లకు ఇంట్లో పిల్ల కన్నీళ్లు కనిపించలేదేమో. తెలిసి చేసిన తప్పుకు క్షమాపణ అడగొచ్చు. సాయమని పేరు పెట్టుకుని మరిచిపోయిన తప్పుకు ఎవర్ని అడగాలి? దేవుణ్ణా, పిల్లనా?

ముందు పిల్లనే, అనుకున్నాడు.

కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. దాని కింద, సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీసినంత జాగ్రత్తగా ఇంకో వాక్యం రాశాడు: 'ఆ రోజు టీచరుతో అబద్ధం చెప్పింది నేనే.'

"నాన్నా, అది అక్కర్లేదు," అంది చిన్నది.

"నాకు అక్కర ఉందమ్మా. పరిగెత్తు, పది కావస్తోంది."

చిన్నది కళ్లు తుడుచుకుంటూ వీధిలోకి దూకింది. దర్జీ వచ్చి గడప దగ్గర, పెద్ద కూతురి ఎదురుగా, నేల మీదే కూర్చున్నాడు.

"పదకొండేళ్లు ఆలస్యమైంది గానీ... ఇప్పుడడుగుతున్నా తల్లీ. నీకేం చెయ్యాలనుంది?"

ఆ ప్రశ్న ఆమెకు కొత్త. కళ్లు నిండి, నీళ్లు చెంపల మీదుగా కారాయి. ఈసారి మొహం అటు తిప్పుకోలేదు.

"లెక్కల్లో భిన్నాల పాఠం సగంలో ఆపేశా నాన్నా," అంది. "ఆ మిగతా సగంలో ఏముందో చూడాలనుంది."