మసి అంటిన చెంప

పార్సిల్ వచ్చిన సాయంత్రం డార్లా దాన్ని వంటింటి బల్ల మీదే విప్పనిచ్చింది. వెన్న గిన్నె, ఉప్పుసీసా పక్కకి జరిపింది. ఆమె భర్త వెండెల్ అట్టపెట్టె కోసి, లోపలివి ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చాడు. ఎనిమిది పలకల పొడుగాటి ఇనప గొట్టం. దాన్ని కూర్చోబెట్టడానికి సగం తొలిచి వదిలేసిన మేపుల్ కొయ్య. చెకుముకి రాయిని కరిచి పట్టుకునే మర. గుప్పెడు ఇత్తడి ముక్కలు, మరమేకులు.

"తుపాకేది నాన్నా?" అంది జోసీ. పదిహేడేళ్ళ పిల్ల.

"ఇదే. మిగతాది మనం చెయ్యాలి."

"మీ నాన్న ఉంటే ఏమనేవాడో," అంది డార్లా.

వెండెల్ మెడ గోక్కున్నాడు. "ఏమీ అనేవాడు కాదు. ఉమ్మేవాడు."

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ఆ మనిషి గురించి గట్టిగా నవ్వడం అదే మొదలు.

వెండెల్ తండ్రి ఎమరీ చనిపోయి పద్నాలుగు నెలలైంది. పెన్సిల్వేనియాలోని ఆ కొండల్లో అతను చేసిన తుపాకి ఉన్నవాడు దాన్ని పెళ్ళాం కంటే భద్రంగా చూసుకుంటాడు. చావుకి వచ్చిన మగవాళ్ళు కన్నీళ్ళతో గడ్డాలు తడుపుకుంటూ, అలాంటి పనివాడు మళ్ళీ పుట్టడన్నారు. పుట్టకపోతే పీడా పోయింది అనుకుంది డార్లా. ఇరవై రెండేళ్ళు అతను కింద బేస్‌మెంటులో కొయ్య గీకుతుంటే పైన వండిపెట్టింది ఆమె. కొడుకు చేతుల్ని 'పార పట్టే చేతులు' అనేవాడు. ఆమె వంటని ఏమీ అనేవాడు కాదు, కంచం తోసేసేవాడు. తుపాకి చెంపకి సరిగ్గా ఆనడం లేదని ఎవరైనా తెచ్చి చూపిస్తే దాన్ని ముట్టుకోనన్నా ముట్టుకునేవాడు కాదు.

"కొయ్య సరిగ్గానే ఉంది. నీ ముఖమే సరిగ్గా లేదు."

ఆ మాట పడి, టోపీ తీసి దండం పెట్టి పోయేవాళ్ళు ఆ వెధవలు.

జోసీకి పన్నెండేళ్ళప్పుడు ఒకసారి తాత తుపాకి ఎత్తి చెంపకి ఆనించుకుంది. ముసలాయన దాన్ని లాక్కుని, ఆ పిల్ల చెంప తగిలినచోట చొక్కా చేత్తో తుడిచాడు. 'దీనికి పనికొచ్చే ముఖం కాదు' అన్నాడు, దాని ముందే. అప్పట్నుంచీ పిల్లకి ఒకటే పట్టుదల. క్రిస్మస్ మర్నాడు చెకుముకి తుపాకుల వేట మొదలవుతుంది. ఆ రోజు సొంత తుపాకితో కొండెక్కాలి.

గొట్టం కొయ్యలో గాలి దూరకుండా కూర్చోవాలి. దానికి గొట్టం మీద దీపం మసి పూసి, కొయ్యలో నొక్కి తీస్తారు. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నల్లగా అంటుతుంది. నలుపు అంటినంత మేరా గీకాలి. మళ్ళీ పూయాలి, నొక్కాలి, గీకాలి. నెల రోజులు అదే పని.

ఇంట్లో మసి లేదు. చావు జరిగిన వారానికే ముసలాయన మసిడబ్బా, పొగాకు ఉమ్ముడబ్బా ఒకే సంచిలో కట్టి చెత్తబండికి ఎత్తేసింది డార్లా. ఆ రోజు ఆమెకి కంటినిండా నిద్ర పట్టింది.

"డార్లా, పాత లిప్‌స్టిక్ ఏదైనా ఉందా?" అన్నాడు వెండెల్.

"ఎవరికోసమయ్యా ముస్తాబు?"

"గొట్టానికి. చాలామంది దాంతోనే కానిస్తున్నారు."

అలా గొట్టానికి ఎర్రరంగు పూశారు. జోసీ పకపకా నవ్వింది. "తాత తుపాకులన్నీ వరసగా నిలబెట్టినా ఇంత అందమైన పెదాలుండవు."

"నవ్వింది చాలు, ఇది విను. చేత్తో తుడవకూడదు," అన్నాడు వెండెల్. "తుడిస్తే పాకుతుంది. పాకితే నిజంగా తగిలిందేదో, ఊరికే అంటుకుందేదో తెలీదు. బాగున్నచోట కూడా గీకేస్తాం. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు అదే. దానికే నాన్న నన్ను ఎన్నిసార్లు..."

తండ్రి పోయినా మాట మధ్యలో భయపడి ఆగిపోయే మగాణ్ణి చూస్తే డార్లాకి జాలి కంటే చిరాకే ఎక్కువ.

డిసెంబరు రెండోవారంలో కొయ్య దాదాపు సిద్ధమైంది. ఒకరోజు పొద్దున వెండెల్ కాఫీ తాగకుండా బేస్‌మెంటు నించి పైకొచ్చాడు.

"చెంప ఆనించేచోట ఒక మచ్చ ఉంది. కోడిగుడ్డంత. నల్లగా."

"నీ చేతులు చూసుకో. రోడ్డు పని గ్రీజు గోళ్ళలో పెట్టుకుని తిరుగుతావు."

"మసి అది, డార్లా. మనం వాడింది ఎరుపు."

"అయితే గీకెయ్యి. ఆ మాత్రం దానికి నన్ను అడగాలా?"

గీకేశాడు. నలుపు కనపడితే గీకడమే ఆ చేతులకి తెలిసిన పని. మర్నాడు మళ్ళీ అక్కడే మచ్చ. మళ్ళీ గీకాడు. నాలుగోసారికి కొయ్య మీద అక్కడ చిన్న గుంటలా పడింది.

"ఇంక గీకడానికి కొయ్య లేదు," అన్నాడు.

అయిదో రోజు మచ్చ రాలేదు. డార్లా గెలిచినట్టే చూసింది అతనివైపు.

ఇరవైమూడో తారీఖు మధ్యాహ్నం నుంచి మంచువాన. వెండెల్ కౌంటీ బండి మీద రోడ్లకి ఉప్పు చల్లడానికి వెళ్ళాడు. నాలుగున్నరకే కిటికీలు నల్లబడ్డాయి. డార్లా వెన్నలో క్యాబేజీ, నూడుల్స్ వేయిస్తోంది. కింద జోసీ తుపాకి కుదిరిందో లేదో చూసుకుంటోంది. దానికొక పద్ధతి ఉంది. కళ్ళు మూసుకుని తుపాకి భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు తెరవాలి. చూపు సూటిగా గొట్టం మీదుగా పోతే, కొయ్య ఆ మనిషికి కుదిరినట్టు.

కరెంటు పోయింది.

ఫ్రిజ్ మూలుగు ఆగింది. బయట చెట్లకొమ్మల మీద మంచు గడ్డకడుతున్న చిటపటలు. ఆ తరవాత కిందనించి ఇంకో చప్పుడు.

సర్... సర్...

ఉక్కురేకుతో కొయ్యని గీకే చప్పుడు. ఇరవై రెండేళ్ళు విన్నది.

"జోసీ! చీకట్లో గీకకు. చెయ్యి కోసుకుంటావు."

పలకలేదు.

సర్...

డార్లా ఫోను లైటు వేసుకుని మెట్లు దిగింది. కొయ్యకి పట్టించే అవిసెనూనె వాసన. రోజూ ఉండేదే. రెండు మెట్లు దిగాక, దాని అడుగున ఇంకొకటి... ఆర్పిన వత్తి కమురు. ఇంకా దిగితే, నమిలిన పొగాకు. తియ్యగా, తడిగా. ఆ వాసన పోయేదాకా ఆ గచ్చుని బ్లీచింగుతో మూడుసార్లు కడిగింది తను.

గీకే రేకులన్నీ గోడమేకులకి వేలాడుతూనే ఉన్నాయి. గది మధ్యలో జోసీ నిలబడి ఉంది. తుపాకి భుజాన. కళ్ళు మూసుకుని. రెండు చేతులూ తుపాకి మీదే ఉన్నాయి.

సర్...

చప్పుడు ఆ పిల్ల ముఖం దగ్గర్నించి వస్తోంది.

"అమ్మా..." పెదాలు కదిలీ కదలకుండా అంది. "కళ్ళు తెరవనా?"

"తెరువు. ఎందుకలా నిలబడ్డావు?"

"నువ్వు వదిలితే కదా."

"ఏంటి వదిలేది?"

"గడ్డం పట్టుకున్నావుగా. నొప్పేం లేదు... కానీ చేతులు చల్లగా ఉన్నాయమ్మా."

డార్లా ఆఖరి మెట్టు మీద ఉంది. పిల్ల ఆరడుగుల దూరంలో ఉంది.

లైటు ఎత్తింది. జోసీ కుడి చెంప మీద, కంటికింద ఎముక ఉన్నచోట, నల్లటి మచ్చ. కోడిగుడ్డంత. సర్... అన్నప్పుడల్లా ఆ నలుపు కింద చర్మం సన్నగా అదురుతోంది.

డార్లా లైటు పిల్ల భుజం వెనక్కి తిప్పింది.

"వదులు దాన్ని," అంది గుసగుసగా. "చచ్చినా బుద్ధి రాలేదా ముసలోడా? గొప్ప పనివాడివి! ఆఖరి నెల నీ మూతి తుడిచింది ఎవరు? నీ మంచం కడిగింది ఎవరు? నీ శిష్యులొచ్చారా? వదులు నా పిల్లని... సిగ్గులేదూ..."

చప్పుడు ఆగింది.

ఒక్క దూకులో దగ్గరికెళ్ళింది. అరచెయ్యి చెంపకేసి రుద్దింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. గట్టిగా. పోవాలని. చీకట్లో, ఊగుతున్న ఫోను వెలుగులో, ఆమెకి ముందు తెలియలేదు.

మచ్చ పోలేదు. పాకింది. చెంప నుంచి చెవిదాకా. కణతదాకా. కిందికి, గడ్డందాకా.

ఎక్కడో దగ్గరగా... ముక్కులోంచి గాలి వదిలినట్టు చిన్న ఊపిరి. కొడుకు ఉలి జారినప్పుడల్లా ముసలాయన నవ్వే నవ్వు.

తరవాత మళ్ళీ మొదలైంది. ఈసారి పొడుగ్గా. నింపాదిగా. చెవి నుంచి గడ్డందాకా...

సర్ర్ర్...

తుపాకి ఎక్కడ పడిందో, పిల్లని ఎలా పైకి ఈడ్చుకొచ్చిందో ఆమెకి గుర్తులేదు. సింకులో ముఖం పట్టి సబ్బుతో కడిగింది. నలుపు పోయింది. గీత లేదు, రక్తం లేదు. జోసీ ఏడవలేదు కూడా. "నువ్వు కాదా?" అని రెండుసార్లు అడిగి ఊరుకుంది.

వెండెల్ ఎనిమిదింటికి వచ్చాడు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు. కిందికెళ్ళి కొయ్యని పైకి తెచ్చి, నాలుగు ముక్కలు చేసి కట్టెల పొయ్యిలో పెట్టాడు. మేపుల్ కొయ్య మంచి మంట ఇచ్చింది. ఆ వెలుగులో భార్య అరచేతి గీతల్లో మిగిలిన నలుపు చూశాడు.

"తుడిచావా?"

"మరేం చెయ్యమంటావు? నీలా చూస్తూ నిలబడమంటావా?"

వెండెల్ మెట్టు మీద కూలబడి, ఆ పార పట్టే చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి, అతన్ని ఏమీ అనబుద్ధి కాలేదు ఆమెకి.

బేస్‌మెంటు తలుపుకి తాళం వేశారు. వేటకి ఎవరూ వెళ్ళలేదు. జనవరి గడిచింది. జోసీ బడికి వెళ్తోంది, తింటోంది, స్నేహితులతో ఫోన్లో నవ్వుతోంది. అయిపోయింది అనుకుంది డార్లా.

చదువుకునేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు జారుతోందని పిల్ల అంటే, మార్చి మొదట్లో ఊళ్ళో కళ్ళజోళ్ళ కొట్టుకి తీసుకెళ్ళింది. వెళ్ళడం అది మూడోసారి. కొట్టతను నెమ్మదస్తుడు. ఫ్రేము వేడిచేసి, వంచి, పెట్టి చూశాడు. ఎడమవైపు సరిగ్గా కూర్చుంది. కుడివైపు కిందికి దిగింది.

"చిన్నప్పుడు ముఖానికేమైనా దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదు," అంది డార్లా.

అతను సొరుగులోంచి జోసీ పేరున్న చీటీ తీశాడు. జనవరిలో రాసుకున్న కొలతలు, ఫిబ్రవరిలో రాసుకున్నవి. ముక్కు నుంచి చెవిదాకా స్కేలు పెట్టి కుడివైపు కొలిచాడు. చీటీ వైపు చూశాడు. ఆ వైపు అంకె నెలనెలా తగ్గుతూ వచ్చింది. ఇంకోసారి కొలిచాడు.

తరవాత ఆ స్కేలు పక్కనపెట్టి, లోపలికెళ్ళి ఇంకో స్కేలు తెచ్చాడు.