కొసరు పాలు

"లావణ్య కాలేజీకి పోయిందా?"

తెల్లవారిన దగ్గర నుంచి అంజన్ ఈ మాట అడగడం ఇది మూడోసారి. బర్రె పొదుగు కడుగుతున్న అతని భార్య పుష్పమ్మ తల ఎత్తలేదు. కూతురి చదువు ముగిసి రెండేళ్లయింది. మొదటిసారి అడిగినప్పుడు ఆ సంగతి ఓపికగా చెప్పింది. రెండోసారి కాస్త గట్టిగా చెప్పింది. ఇప్పుడు మాత్రం "పోయిందయ్యా" అని ఊరుకుంది. అబద్ధమాడితే పని తొందరగా తెములుతుందని ఆమె ఈ మధ్యనే నేర్చుకుంది.

లాల్‌దర్వాజాలో ఓ ఇరుకు సందు చివర వాళ్ల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక నాలుగు బర్రెల కొట్టం. అంజన్ తండ్రి నాటి నుంచి ఇరవై రెండు ఇళ్లకు పాలు పోస్తున్నారు. ప్యాకెట్ పాలు వచ్చాక చుట్టుపక్కల పాలవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు గానీ వీళ్ల గిరాకీ చెక్కుచెదరలేదు. ఆ ఇంటి పాలలో నీటిచుక్క కలవదని పేరు. దానికి తోడు అంజన్ పోసే కొసరు. కొలత నిండా పోశాక గిన్నెలో ఇంకో చారెడు వంచనిదే అతని చెయ్యి క్యాను మీద మూత పెట్టదు. ఆ కొసరుతోనే ఒక చాయ్ అయిపోతుందని సందులో ఆడవాళ్లు నవ్వుకునేవారు.

అలాంటి మనిషి నలభై తొమ్మిదేళ్లకే తడబడసాగాడు. పోసిన ఇంటికే మళ్లీ పోయేవాడు. ఇంటి తాళం దాణా బస్తాలో పెట్టి ఊరంతా వెతికేవాడు. కల్లు మరిగాడని పుష్పమ్మ అనుకుంది. ఏడాదిపాటు ఇంట్లో అదే లొల్లి. నోటి వాసన చూసింది, జేబులు తడిమింది, ఒకనాడు కూతురి నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. "నేను తాగలేదే" అని అతను వెక్కి వెక్కి ఏడిస్తే, నాటకాలాడుతున్నాడని తిట్టింది. ఒక డాక్టరు దిగులు జబ్బన్నాడు, ఇంకొకాయన కళ్లద్దాలు మార్చమన్నాడు. చివరికి లావణ్య పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. రక్త పరీక్షలు చేశారు, తలకు స్కానింగు తీశారు. ఒక కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. అంజన్ గుండ్రం చక్కగా గీసి, అంకెలన్నీ ఒక పక్కకే కుక్కి, బాగుందా అన్నట్టు డాక్టరమ్మను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి పుష్పమ్మ కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

పదకొండు రోజుల కింద డాక్టరమ్మ ఆ జబ్బు పేరు చెప్పింది. డిమెన్షియా అట, మతిమరుపు రోగం. "ముసలితనంలోనే వస్తుందనుకుంటాం గానీ, అరుదుగా ఈ వయసులోనూ వస్తుందమ్మా. నయమయ్యేది కాదు, మెల్లగా పెరుగుతుంది. మందులు కొంత ఆసరా. చేతనైన పని చేయనివ్వండి, పక్కన మాత్రం ఒక మనిషి ఉండాలి."

ఆసుపత్రి కాగితాల ఫైలును బీరువా మీద పాతబట్టల మూట కింద దాచింది అంజన్ తల్లి కాశమ్మ. డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఏ బర్రె ఏనాడు ఈనిందో ఆమెకు నోటికే వచ్చు. "పిల్లకు మలక్‌పేట సంబంధం తేలేదాంక ఈ ముచ్చట గడప దాటొద్దు. వాని ఎంట మనిషిని తోలితే గల్లీ మొత్తం ఎందుకని అడుగుతది" అంది. పుష్పమ్మ సరేనంది. ఒప్పుకుని కాదు, వాదించే ఓపిక లేక.

ఎనిమిది గంటలకు ప్రకాశం వచ్చాడు. సందు మొదట్లో ఉంటాడు, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతిలో పాలగిన్నె ఉంది.

"పుష్పమ్మా, జర చూడు. ఇవి పాలేనా?" గిన్నెలో వేలు ముంచి పైకెత్తాడు. వేలికి తెల్లదనమే అంటలేదు. "వారం సంది గిట్లనే ఉన్నయి. ఎండలకు పల్చబడ్డయేమో అని ఊకున్న. గల్లీల అందరు అదే అంటున్నరు."

కొట్టంలోంచి అంజన్ వచ్చాడు. "ప్రకాశమన్నా, మా అమ్మ మీద ఒట్టు. నేను నీళ్లు కలపలే."

"మరి ఆకాశంకెల్లి పడ్డయా?"

పుష్పమ్మకు అప్పుడు వెలిగింది. పొద్దున కొట్టం పక్కన మురుగునీళ్లు పోయే మోరీ పొడిగా ఉంది. రోజూ అంజన్ క్యానులో రెండు చెంబుల నీళ్లు పోసి, గలగలా తిప్పి, మోరీలో పారబోసి, అప్పుడు పాలు నింపుతాడు. ఇప్పుడు తిప్పడం దాకా గుర్తుంటోంది, పారబోయడం గుర్తుండటం లేదు. ఆ నీళ్ల మీదే పాలు పోస్తున్నాడు. ఎదురుగా కనబడుతున్నా అలసిన కళ్లకు ఆనలేదు.

అంజన్ ఆమె వైపు తిరిగాడు. "పుష్పా, నేను కలిపిన్నా?"

బుకాయింపు కాదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆమె నోరు పెగిలేలోపే కాశమ్మ అడ్డుపడింది. "ఎండలే ప్రకాశం. రేపటి సంది మంచిగ వస్తయి, పో."

"మీ పెద్దాయన సంపాదించిన పేరు వీడు మోరీల పోసిండు పెద్దమ్మా. రేపటి సంది నాకు ప్యాకెట్ పాలే." ప్రకాశం గిన్నెలోవి మోరీలో ఒంపి వెళ్లిపోయాడు. అంజన్ తల దించుకుని కొట్టంలోకి నడిచాడు.

"చెప్తే ఏం పోయేది అత్తా?" పుష్పమ్మ గొంతు లేచింది. "రోగమని ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"పిల్ల పెండ్లి పోయేది. దొంగ అంటే నాలుగొద్దులు అని మరుస్తరు. పిచ్చోడంటే మన ఇంటి గడప ఎవరు తొక్కరు."

"వాళ్లు మరువరు అత్తా! మరిచేటోడు నీ కొడుకు. ఇంకొన్నేండ్లకు నా పేరు మరుస్తడు, నీ మొఖం మరుస్తడు. తనెవరో తనకే తెల్వనప్పుడు, ఈ గల్లీలనన్నా ఎవరికో ఒకరికి యాదుండాలె గద! ఏమని యాదుండాలె? పాలల్ల నీళ్లు కలిపెటోడనా?" ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఏడాది నేను తాగుబోతన్న. ఒట్టు పెట్టిచ్చిన. ఆ పాపం నాకు చాలు. గల్లీతోని దొంగ అనిపియ్య."

గుమ్మంలో నిలబడ్డ లావణ్య నెమ్మదిగా అంది. "నానమ్మా, మలక్‌పేటోళ్లకు మొన్ననే నేను ఫోన్ చేసి చెప్పిన. ఆలోచిస్తమన్నరు. ఆలోచించుకోనీ. దాచి చేసుకుంటే రేపు బాపును ఆ ఇంటికి ఏ మొఖంతోని పిలుస్త?"

కాశమ్మ ఏదో అనబోయింది. అంతలో అంజన్ క్యాను మోసుకొచ్చి తల్లి ముందు పెట్టాడు. చొక్కా ముందంతా తడిసిపోయి ఉంది.

"అమ్మా, కడిగిన. మల్ల మల్ల కడిగిన. ఇంక నీళ్లు లెవ్వు, చూడు."

కాశమ్మ క్యానులోకి భుజం దాకా చెయ్యి పెట్టి, కొంగుతో అడుగంతా తుడిచింది. చాలాసేపు తుడిచింది. "లెవ్వు బిడ్డా" అంది. "చుక్క గూడ లేదు."

మర్నాడు క్యాను నీళ్లు పుష్పమ్మే పారబోయించింది. పాలు నింపి సైకిలుకు తగిలించేసరికి కాశమ్మ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. ముందు తనే నడిచింది. మొదటి గడప ప్రకాశానిదే.

"ప్యాకెట్ తెచ్చుకున్న పెద్దమ్మా."

"తెచ్చుకో. ముందు నా మాట ఇను. పాలల్ల నీళ్లు కలిసినయి, నిజమే. నా కొడుకు మోసం చెయ్యలే. వానికి మతి తప్పిపోయే రోగమొచ్చింది, డాక్టర్లు రాసిచ్చిన్రు. క్యాను కడిగిన నీళ్లు పారబోయ మరిచిండు. తెలిసి గూడ దాచిపెట్టిన. తప్పు నాది, వానిది గాదు." "వాణ్ని దొంగ అనకు నాయనా."

ప్రకాశం లోపలికి పోయి గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టాడు.

అంజన్ అర లీటరు కొలత ముంచి పోశాడు. ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు. "పోసిన్నా?"

"ఒకటి పోసినవ్. ఇంకోటి పొయ్యి."

రెండోది పోశాడు. అయిపోయిందనుకుని పుష్పమ్మ మూతకు చెయ్యి చాచింది. ఎవరూ చెప్పకుండానే అతని చెయ్యి మళ్లీ క్యానులోకి దిగి, ఇంకో చారెడు పాలు తెచ్చి గిన్నెలో వంచింది.

"చాలు అంజన్‌భాయ్" అన్నాడు ప్రకాశం. "చాలు."

"ఉండనీ అన్నా. చాయ్‌కైతది." అంజన్ నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు పుష్పమ్మ వైపు తిరిగాడు. "లావణ్య కాలేజీకి పోయిందా?"

పుష్పమ్మ అలసటగానే, ఈసారి నిజం చెప్పింది. "సదువు అయిపోయిందయ్యా. ఇగో, నీ సైకిల్ పట్టుకొని నీ ఎన్కనే ఉన్నది."

అంజన్ వెనక్కి తిరిగి కూతుర్ని చూసి, మంచిదే అన్నట్టు తలూపాడు. పుష్పమ్మ క్యాను మీద మూత పెట్టింది. ఇంకా ఇరవై ఒక్క గడపలున్నాయి.