నా వంతు ఊపిరి

మా ఆయన నారాయణ ఇరవై రెండేండ్లు బండల పాలిష్ మిషన్ కాడ పనిచేసినాడు. ఆ దుమ్మంతా పోయి ఊపిరితిత్తుల్లో కూర్చునింది. పోయిన నెల ప్రొద్దుటూరు డాక్టరు, ఇంట్లోనే ఊపిరి లెక్క చూసుకోండని రెండు బిళ్ళలుండే బెల్టు ఇచ్చినాడు. ఒక బిళ్ళ రొమ్ము మింద, ఇంకోటి కడుపు మింద. లేచి పడే కదలికను పట్టి అవి ఫోన్లో గీతలు గీస్తాయి, నిమిషానికి ఎన్ని ఊపిర్లో చూపిస్తాయి. అదే లెక్క ఆస్పత్రిలో నర్సు ఖదీజాకూ కనపడతాది.

తాలింపు పెడతా చూస్తా, గిన్నెలు తోముతా చూస్తా. ఇరవై ఉంటే నా ప్రాణం కుదుటపడతాది. "నా మొగం చూడవు గానీ ఎప్పుడూ ఆ ఫోనేనా" అని ఎగతాళి చేసేవాడు. చేస్తే చేయనీ, మనిషి ఉంటే చాలు నాకు.

ఆ పొద్దు జమ్మలమడుగులో ఎండ నిప్పులు చెరుగుతాండాది. మధ్యాహ్నం కిటికీలు, తలుపులు మూసి ఇల్లు చీకటి చేసినా. ఆయన నిద్రపోయినాడు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను కిర్రుమంటా ఆగింది. చల్లదనానికి కిటికీకి కట్టిన తడి గోనెపట్ట వాసన, మందుల వాసన. ఆ చీకట్లో ఆయన ఊపిరి ఒక్కటే గరగరా వినపడతాండాది.

అదీ ఆగింది.

ఫోన్ కూత పెట్టింది. రెండు గీతలూ సాపు. సున్నా.

"ఇదో... లెయ్యి... ఇదో..."

కదల్లేదు. పెదాలు నల్లబడతాండాయి. భయానికి నా ఊపిరి బిగుసుకుపోయింది.

అప్పుడు ఆయన రొమ్ము లేచింది. గీత లేచింది.

అమ్మయ్య అని ఊపిరి వదిలినా. గీత పడిపోయింది.

మళ్ళీ బిగబట్టినా... లేచింది. పీల్చినా... పడిపోయింది. అయ్యో, నేను తీసుకునే ప్రతి ఊపిరీ ఆయన నోట్లోంచి లాక్కుంటాండానే!

ఖదీజాకు ఫోన్ చేసినా. "బండి... పంపీమ్మా..."

ఆ రెండు మాటలకే ఆయన తల పక్కకు వాలిపోయింది.

"అంబులెన్సు అరగంటలో వస్తాది" అనింది. తర్వాత గొంతు తగ్గించింది. "అమ్మా... నువ్వు మాట్లాడితే లెక్క పడిపోతాండాది. ఏందది? మాట్లాడొద్దు."

అరగంట! కొంగుతో ముక్కూ నోరూ గట్టిగా కట్టుకున్నా. ఆయనకు పది, నాకు ఒకటి. ఆయనకు ఇరవై, నాకు ఒకటి. చెవులు గుయ్యిమన్నాయి. కండ్లు బైర్లు కమ్మినాయి. ఇంక నా వల్ల కాలేదు. నా వంతు కూడా ఆయనకే ఇయ్యి సామీ అని మనసులోనే మొక్కుకున్నా. ఆ గదిలో అది ఎవరు వింటాండారో చూసుకోకుండా మొక్కుకున్నా...

రొమ్ములో మంట పోయింది. ఊపిరి కావాలనే అనిపించలేదు.

బండి వచ్చేసరికి ఆయన లేచి కూర్చోని నీళ్ళడుగుతాండాడు.

ఇప్పుడు ఆయన లెక్క పద్దెనిమిది. డాక్టరే నోరెళ్ళబెట్టినాడు. సంగటి తింటాండాడు, వీధి చివరి దాకా నడిచొస్తాండాడు. మొన్న ఆయన స్నానానికి పోయినప్పుడు ఆ బెల్టు నేను కట్టుకోని చూసినా. రెండు గీతలూ సాపు. నా ఊపిరి ఆగి పదకొండు దినాలైంది. మాట్లాడాలంటే గాలి పీల్చాల, పీలిస్తే ఆయన పడిపోతాడు. గొంతు పోయిందని సైగ చేసి చెప్పినా. రాసిద్దామంటే ఆయనకు అచ్చరం ముక్క రాదు. ఎక్కడన్నా ఒకచోట చెప్పుకోకపోతే పిచ్చిదాన్నయిపోతానని ఈ నోటుబుక్కులో రాస్తాండా. పక్కన పడుకుంటే ఏమవుతాదోనని, ఆయన నిద్రపోయినాక లేచిపోయి వంటింట్లో గడియేసుకోని పండుకుంటాండా.

ఈ పొద్దు తెల్లారి లేస్తానే ఆయన కసురుకున్నాడు.

"ఏందే సుశీలా, రేత్రంతా నా చెవి కాడ వేడివేడిగా ఊపిరి వదుల్తాండావు? రోజురోజుకీ దగ్గరికొస్తాండావు. నిద్రపోనియ్యవా?"

అది నేను కాదయ్యా అని చెప్పడానికి నోరు తెరిచినా.

మళ్ళీ మూసుకున్నా.