మైకు పక్క కుర్చీ

రుద్రంపేటలో రెండు రోజులకొకసారి కొళాయి నీళ్లు వస్తాయి. వచ్చిన పొద్దున ఏ ఇంట్లోనూ ఎవరికీ తీరిక ఉండదు. ఆ శనివారం కూడా అంతే. చౌడమ్మ బిందెలు నింపుతోంది, కోడలు భారతి పొయ్యి దగ్గర బొరుగుల ఉగ్గాని కలుపుతోంది. కొడుకు దేవేంద్ర మాత్రం గడప మీద కూర్చుని చేతికంత పొడుగున్న పైపు రెంచికి నూనె పూస్తున్నాడు. ఎండిపోయిన బోర్లలోంచి మోటార్లు పైకి లాగే పని అతనిది. అనంతపురం జిల్లాలో ఆ పనికి మాత్రం ఎన్నడూ కరువు లేదు.

"మా, టీ ఇయ్యి" అన్నాడు. చౌడమ్మ పలకలేదు.

"మా! టీ!"

"నాయనా, అవ్వకు ఆ చెవి వినపడదు కదా. ఈ పక్కనుంచి అడుగు" అంది ఏడేళ్ల అంజలి.

"ఎట్ల వినపడుతుంది? ఫ్రీగా ఆట ఉండాదంటే చాలు, నన్ను ఎత్తుకోని పరిగెత్తుతాండె మీ అవ్వ. గుడైనా ఒగటే, దర్గా అయినా ఒగటే, చర్చి అయినా ఒగటే. పోయి పోయి మైకు డబ్బా పక్కనే కూర్చుంటాండె. ఆ మోతకు చెవి పాయె!"

దేవేంద్ర నవ్వాడు. చౌడమ్మా నవ్వింది. ముప్పై ఏళ్లుగా ఆ ఎగతాళికి ఆమె నవ్వుతూనే ఉంది.

ఎగతాళి అటుంచండి, ఈ ఊళ్లో ఏ సాయంత్రం ఎక్కడ పైసా ఖర్చు లేకుండా ఏం చూడొచ్చో చౌడమ్మకు తెలిసినంతగా పేపరు వాళ్లకు కూడా తెలియదు. కంబదూరు పక్క పల్లెలో శనక్కాయ పంట వరసగా పోయి, మొగుడు తిప్పన్నతో ఈ ఊరొచ్చినప్పటి నుంచీ గంగాధరప్ప టెంట్ హౌస్‌లో చిరిగిన షామియానాలు కుడుతోంది ఆమె. ఊళ్లో ఏం జరగాలన్నా ముందు కుర్చీలూ షామియానా కావాలి కదా! ఏ బండి మీద ఏ సామాను ఎక్కుతోందో చూస్తే చాలు ఆమెకు. వంద కుర్చీలు, చిన్న మైకు సెట్టు పోతే హరికథో భజనో. ఎర్ర తివాచీ పోతే నాయకుల మీటింగు, అది మొదలయ్యేసరికే పిల్లలు నిద్రపోతారు, వద్దు. తెల్ల తెర, వెదురు బొంగులు పోతే తోలుబొమ్మలాట. కుర్చీలతో పాటు పెద్ద వంట అండాలు కూడా ఎక్కాయంటే అక్కడ అన్నం కూడా పెడతారు.

"ఈ పొద్దు యాడికి పని?" అడిగింది టీ గ్లాసు అందిస్తూ.

"కళ్యాణదుర్గం రోడ్డు. వెయ్యి అడుగుల బోరు."

చౌడమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వెయ్యి అడుగులంటే పొద్దంతా లాగాలి. సగంలో పైపు తెగి మోటారు లోపలే పడిపోతే రైతు తిడతాడు, కూలి ఇవ్వడు. ఒళ్లు నొప్పులకని దేవేంద్ర తాగుతాడు. ఆ తర్వాత మిగిలిన కోపమంతా ఇంటికి మోసుకొస్తాడు. బయట ఎవరి మీదా చూపించలేని కోపం భారతి ఒంటి మీద చూపిస్తాడు. మగాడి పౌరుషం అంటే ఇదేనేమో, ఏం చెప్పాలి!

కొడుకు బండి సందు దాటాక కోడలి దగ్గరికి వచ్చింది.

"భారతీ, సాయంత్రం లలిత కళా పరిషత్తులో తోలుబొమ్మలాట ఉండాది. తెర నేనే కుట్టి పంపిస్తి. పిల్లను పిల్చుకోని పో. టెంట్ హౌస్ సుంకన్నతో చెప్పింటా, ముందర కుర్చీ ఏస్తాడు. ఎనిమిదిన్నర దాంక రావాకండి."

"నువ్వూ రా అత్తా."

"నేనుండాల. వానికి అన్నం పెట్టి పండబెట్టాల."

అంతే, ఇంకేం అనుకోలేదు. భారతికి పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఆ ఇంట్లో ఆటల కబురు ఎందుకు వస్తుందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

సాయంత్రం ఏడుకే వచ్చాడు దేవేంద్ర. అరచేతులు పైపులు లాగే గొలుసు ఒరుసుకుని చర్మం లేచి ఉన్నాయి. మోటారు లోపలే పడిపోయిందని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. చౌడమ్మ గబగబా సంగటి ముద్ద, చారు పెట్టింది. కంచాన్ని కాలితో పక్కకు నెట్టి ఫోను చూపించాడు.

"ఇదేంది?"

ఎవరో తీసిన వీడియో, అతనితో పనిచేసే రామాంజులు పంపాడు. బొమ్మలాట మొదలుకాకముందు టెంట్ హౌస్ సుంకన్న ఒక కుర్చీ తెచ్చి, భుజం మీది టవలుతో తుడిచి, ముందు వరసలో వేశాడు. భారతి కూర్చుంది.

"పోయిన వారం చర్చి గ్రౌండులో వీడే. దర్గా ఉరుసులో వీడే. కుర్చీ తుడ్చి మరీ ఏస్తాండాడే, ఎవురు వీడు నా పెండ్లానికి? లోకమంతా చూస్తాండాది. రామాంజులు నా మొగాన్నే నగినాడు!"

"ఓరి నా కొడకా, సుంకన్నతో నేనే చెప్పినా రా. వాడు నన్ను అక్కా అంటాడు."

"నీకు ఆటలంటే పిచ్చి. ఆ పిచ్చి దానికీ అంటించినావు. మధ్యలో అది ఏం చేస్తాందో నీకేం తెలుసు?"

చౌడమ్మ బతిమాలింది. గడ్డం పట్టుకుంది. ఒక ముద్దన్నా తినమంది. తిని పడుకుంటే గండం గడిచినట్టే అని ఆమె ఆశ. కానీ అతను తినలేదు, పడుకోలేదు. తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు.

ఎనిమిదిన్నరకు అంజలి ఎగురుకుంటూ వచ్చింది. "అవ్వా! బొమ్మ ఇంకో బొమ్మ నెత్తిన టప టపా కొట్టె! అందరూ నగిరి!" అని చేతులాడిస్తూ లోపలికొచ్చింది. వెనకే భారతి గడప దాటింది.

ఆమె చెప్పు విడిచే లోపలే దెబ్బ పడింది. అరచేత్తో, బలమంతా పెట్టి, చెవి మీద. భారతి వెళ్లి గోడకు గుద్దుకుని కింద పడింది. జుట్టు పట్టి లేపాడు, మళ్లీ కొట్టాడు. నడుం మీద తన్నాడు. "ఎవుడే వాడు? చెప్పు! చెప్పవే!" అని ప్రతి దెబ్బకూ అడుగుతున్నాడు. జవాబు చెప్పే సందు మాత్రం ఇవ్వడం లేదు. పక్కింటి వాళ్లు టీవీ సౌండు పెంచారు. అదీ మన వీధుల మర్యాద.

"నాయనా వద్దు!" అంజలి కాళ్లకు చుట్టుకుంది. పిల్లను విదిలించాడు. అది బిందెల మీద పడింది. పొద్దున పట్టుకున్న నీళ్లన్నీ ఇల్లంతా పారాయి.

అప్పుడు గోడవార ఉన్న పైపు రెంచి తీసుకున్నాడు.

అది పడితే భారతి బతకదు. చౌడమ్మ చేతికి షామియానాలు కుట్టే దబ్బనం దొరికింది, జానెడు పొడుగు ఇనప సూది. ఎప్పుడు లేచిందో, ఎలా అడ్డం వచ్చిందో ఆమెకే తెలియదు. రెంచి పైకి లేచిన చేతిలో దబ్బనం దిగబొడిచింది. దేవేంద్ర అరిచాడు. రెంచి జారి అతని కాలి పక్కనే పడి బండ పగిలింది. రెండో చేత్తో తల్లిని తోశాడు. ఆమె పడింది, మళ్లీ లేచింది, దబ్బనం అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"రా! ఇంగో అడుగు ఎయ్యి. కన్నదాన్నని చూడను."

అరవై ఏళ్ల ముసలామె. దబ్బనం దించలేదు. దేవేంద్ర తన మోచేతి నుంచి కారుతున్న రక్తం చూసుకుంటూ నిలబడిపోయాడు.

అంజలి తడి గౌనుతో తల్లి దగ్గరికి పాకింది.

"మా... నీ చెవిలోంచి రక్తం వస్తాండాది."

భారతి కొంగు అదుముకుంది. పిల్ల భయపడుతోందని బలవంతాన నవ్వింది. "ఏం లేదు బంగారూ. మైకు పక్కన కూర్చున్యాం కదా. దాని మోతకు."

చౌడమ్మ చేతిలోంచి దబ్బనం కింద పడింది.

"ఆ మాట అనాకు!" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "నీ కాళ్లు మొక్కుతా భారతీ, పిల్లకు ఆ మాట చెప్పాకు. ఆ మాట నాది. ఆ మాట చెప్పే నేను ఈ ఇంటిని ఇట్ల చేసినా."

కొడుకు వైపు తిరిగింది.

"ఏ మైకూ కాదురా. మీ నాయన ఇత్తడి చెంబుతో కొట్టినాడు. నీకప్పుడు నాలుగేండ్లు. హరికథకు పోయి వస్తిమి. ఎవునితో తిరిగొచ్చినావని అడిగినాడు, ఇప్పుడు నువ్వు అడిగినట్లే. నువ్వొచ్చి నా ఒళ్లో కూర్చుని, మా, చెవిలో రక్తం వస్తాండాది అంటివి. నేను మైకు మోతకు అంటి."

దేవేంద్ర గోడ మీద దండ వేసి ఉన్న తండ్రి ఫోటో వైపు చూశాడు. పదేళ్లుగా రోజూ దానికి మొక్కి పనికి పోతున్నాడు.

"నాయన... నన్ను ఎప్పుడూ కొట్టలేదే."

"నువ్వు ఇంట్లో ఉంటే గదా కొట్టేది! తాగొచ్చే దినం ముందే కనిపెట్టి నిన్ను ఎత్తుకోని పోతాంటి. భజన, చర్చి కూటం, బొమ్మలాట, ఏదుంటే అది. వాడు నిద్రపోయినాంక తెస్తాంటి."

"మనం సంతోషంగా ఉంటిమి కదా మా ఆ ఆటల కాడ? నాకు బాగా గుర్తు. బొరుగులు కొనిస్తాంటివి."

"నువ్వు సంతోషంగా ఉంటివి నాయనా. నేను ఒగ ఆట కూడా కడాకు, అయిపోయేదాంక చూల్లేదు. టవర్ క్లాకు దిక్కే చూస్తాంటి, పండుకున్యాడో లేదో అని. ఈ పొద్దు నా కోడలు నువ్వు పండుకున్యావో లేదో అని అట్లే చూసి వచ్చింది."

దేవేంద్ర తడి నేల మీద కూలబడ్డాడు. తల బాదుకుంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి ఇంకో రోజైతే చౌడమ్మ మనసు కరిగేదే. ఆ రోజు కరగలేదు.

"లే భారతీ. ఆసుపత్రికి పోదాం."

ముగ్గురూ ఆటో ఎక్కారు. పెద్దాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసింది. "కర్ణభేరికి చిల్లు పడింది. ఎట్లయింది?" అని అడిగింది. భారతి అత్త మొహం చూసింది. చౌడమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. భారతి నోరు తెరిచేలోపు తలుపు దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"నేనే కొట్టినా మేడం. నా పెండ్లాన్ని. ఏం తప్పు చేయకపోయినా కొట్టినా."

మోచేతికి గుడ్డ చుట్టుకుని దేవేంద్ర నిలబడి ఉన్నాడు. ఆటో వెనకే వచ్చాడు. డాక్టరమ్మ రాసుకుంది. ఆసుపత్రి పోలీసు వచ్చి రాసుకున్నాడు. కేసు పెడతావా అని భారతిని అడిగాడు.

"రాసింది అట్లే ఉండనీండి సార్. ఇంగొగ సారి చెయ్యి లేస్తే ఆ కాగితం పట్టుకోని నేనే వస్తా" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వు ఇంటికి రావద్దు. నేను పిల్చినప్పుడు రా. పిల్చకపోతే రావద్దు."

"ఆ ఇల్లు నాది. నా మాట కూడా అదే" అంది చౌడమ్మ.

దేవేంద్ర పైపుల షెడ్డులో పడుకున్నాడు. వారం కాదు, రెండు వారాలు కాదు, మూడు నెలలు. ఆదివారాలు వీధి చివర నిలబడి పిల్లను చూసి పోయేవాడు. తాగలేదని రామాంజులే ఆశ్చర్యపోయి నలుగురికీ చెప్పాడు. దేవేంద్ర సుంకన్న దగ్గరికి పోయి, క్షమించమని అందరి ముందూ చేతులు పట్టుకున్నాడట. గోడ మీది ఫోటోను చౌడమ్మ తీసి పెట్టెలో పెట్టింది. భారతి చెవి మెల్లగా మానింది.

ఒక శనివారం టెంట్ హౌస్ బండి మీద మళ్లీ తెల్ల తెర ఎక్కింది. చౌడమ్మ ఇంటికొచ్చి కబురు చెప్తే, భారతి ఫోను తీసి దేవేంద్రకు చేసింది. "సాయంత్రం బొమ్మలాట ఉండాది. వస్తే రా" అని పెట్టేసింది.

ఆ సాయంత్రం చౌడమ్మ కూడా వెళ్లింది. దేవేంద్ర అందరికంటే ముందే వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల్లి రాగానే తనే ఒక కుర్చీ తెచ్చి మైకు డబ్బాకు దూరంగా, ఆమెకు వినపడే కుడి చెవి తెర వైపు ఉండేలా కాస్త పక్కకు తిప్పి వేశాడు. మళ్లీ వెనక్కు పోయాడు.

ఆట మొదలైంది. బొమ్మలు కొట్టుకున్నాయి, తిట్టుకున్నాయి, పిల్లలు పడి పడి నవ్వారు. ఎనిమిదింపావు కాగానే చౌడమ్మ అలవాటుగా కొంగు సర్దుకుని లేచింది.

"పదండి, టైమైంది. పోదాం."

భారతి ఆమె చెయ్యి పట్టి ఆపింది. "యాడికి అత్తా? ఇంట్లో ఎవురూ లేరు. కూర్చో."

చౌడమ్మకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వెనక్కు తిరిగి చూసింది. కొడుకు గోడ దగ్గరే ఉన్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. ఈసారి వెనక్కు జారగిలబడి కూర్చుంది.

చివరి బొమ్మ తెర వదిలి పోయేదాకా ఆమె కళ్లు తిప్పలేదు. లైట్లు వెలిగాక అంజలి వైపు వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు మెల్లగా అడిగింది.

"ఏమ్మా అంజలీ, కడాకు ఇట్ల అయితుందా?"

"అవునవ్వా. నీకు తెలీదా?"

"తెలీదు" అంది చౌడమ్మ. వెనక దేవేంద్ర, సుంకన్నతో కలిసి కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతున్నాడు.